చివరి బల్ల శ్రుతి

ఏరు వంతెన మీదుగా పొర్లిన ఏడు అది. అంతకు ముందూ వరదలు చూశాం, తర్వాతా చూశాం. కానీ మా వీధిలో ఎవరైనా "వరద ఏడు" అన్నారంటే ఆ ఏడే. నీళ్లు గడప దాటేసరికి మా ఆవిడ పిండి డబ్బా నెత్తికెత్తుకుంది. అమ్మాయి దుప్పట్లు మూట కట్టింది. నేను ఒక హార్మోనియం పెట్టెను భుజాన వేసుకుని మేడ మీదికి పరుగెత్తాను.

"మొగుడన్నవాడు పెళ్లాం బిడ్డల్ని మోసుకొస్తాడంటారు. మా ఆయన పెట్టెను మోసుకొచ్చాడు," అని మా ఆవిడ మేడ మీద చేరిన ఇరుగుపొరుగుకు చెప్పి, అంత వానలోనూ నవ్వించింది. నేనేమీ అనలేదు. మామూలుగానే ఏమీ అనను. "ఈయనతో కంటే గోడతో మాట్లాడ్డం నయం, గట్టిగా అరిస్తే అదైనా తిరిగి పలుకుతుంది" అనేది ఆవిడ.

ఆ పెట్టె అమ్మాయిది. మంచి కలప చేతికి దొరికినప్పుడల్లా ఒక్కో ముక్క దాచి, పని లేని పూటల్లో చేశాను. దాని మీద ఇంకొకరి వేలు పడనివ్వలేదు.

హార్మోనియాలు బాగుచెయ్యడం నా పని. ఇంటి ముందు గదే పని గది. పెట్టెలో పలికేది రీడు. ఇత్తడి పలక మీద అతికించిన సన్నటి ఇత్తడి నాలుక. గాలి తగిలితే వణికి పలుకుతుంది. దాని కొన దగ్గర గీస్తే స్వరం పైకి పోతుంది, పలకకి అతికిన మొదలు దగ్గర గీస్తే కిందికి దిగుతుంది. నాకు వచ్చిన విద్యంతా ఇంతే. మిగతాది మా అమ్మాయి చెవి, మా అమ్మాయి గొంతు.

దాన్ని పిచ్చుక అని పిలిచేవాళ్లం. పొద్దున్నే పనికి కూర్చోగానే "అమ్మా, శ్రుతి ఇవ్వు" అనేవాణ్ని. వంటింట్లో ఉన్నా, పెరట్లో బట్టలు ఆరేస్తున్నా, నోట్లో పళ్లు తోముకునే పుల్ల ఉన్నా, అది తీసి ఒక స్వరం పట్టుకుని ఇచ్చేది. గాజు గ్లాసు అంచు మీద తడి వేలు తిప్పినట్టు ఉండేది ఆ గొంతు. ఆ స్వరం మీదే ఆ రోజు పెట్టెలన్నీ సరిచేసేవాణ్ని. తప్పింది లేదు.

రేడియో స్టేషనువాళ్లు దాని పాట ఒకసారి విన్నారు. వానలు తగ్గాక వచ్చి పాడమన్నారు. కుదిరితే వారం వారం పాట ఉంటుందన్నారు. నా జన్మకి ఒక్క కోరిక అది. పని చేసుకుంటూ కూర్చుని, ఎదురుగా రేడియోలో నా బిడ్డ గొంతు వినాలి. కూర్చునే చోటుకి ఎదురుగా గోడకి ఒక చెక్క బిగించి, రేడియో దాని మీద పెట్టాను. "పాట లేదు, పాడే రోజూ తెలీదు, సింహాసనం మాత్రం తయారు" అని మా ఆవిడ దెప్పింది. దెప్పినా రోజూ ఆ చెక్క మీద దుమ్ము తుడిచేది ఆవిడే.

నీళ్లు తీశాక ఊళ్లో ఉన్న హార్మోనియాలన్నీ మా గుమ్మం ముందుకొచ్చాయి. కలప ఉబ్బిపోయి, వేళ్లతో నొక్కే మెట్లు ఇరుక్కుపోయి, గాలి తిత్తులు బూజు పట్టి, రీడ్ల మధ్య బురద ఎండిపోయి ఉన్నాయి. గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. మా ఆవిడ, పిచ్చుక ఇల్లు కడుగుతున్నారు. జుట్టు పైకి ముడేసుకుని వంగిన అమ్మాయి మెడ మీద మా ఆవిడ చూపు ఆగిపోయింది.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి."

మెడ ముందు వైపు రేగుపండంత గడ్డ. నొప్పి లేదంది పిల్ల. ఎప్పటినుంచి ఉందో తెలీదంది.

పెద్దాసుపత్రి డాక్టరు చూసి, ఏవేవో పరీక్షలు చేయించి, మమ్మల్ని పక్కకి పిలిచాడు. "తియ్యాలి. ఇప్పుడే తియ్యాలి. గొంతుని కదిలించే నరం దీన్ని ఆనుకునే ఉంది. దాన్ని కాపాడాలనే చూస్తాను. కానీ ఒకటి ఎంచుకోవాల్సి వస్తే, నేను మనిషిని ఎంచుకుంటాను" అన్నాడు. ముక్కుసూటి మనిషి. మంచివాడే. అయినా ఆ రోజు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు నాకు.

ఆ వార్డులో నేల తుడిచే ఆయమ్మ ఒకామె ఉండేది. వయసు మళ్లిన మనిషి. పెద్ద ఒళ్లు, చిన్న అడుగులు. వరదలో ఆమె ఇల్లు గోడలతో సహా పోయింది. ఆసుపత్రి మెట్ల కింద చీపుర్లు పెట్టుకునే గదిలో ఉంటోంది. పొద్దున వెలుతురు వచ్చే వేళకి బకెట్టు తెచ్చి తుడవడం మొదలుపెట్టేది. ఒక్కో మంచం దగ్గరా కర్ర ఆపి, పెదవులు కదిపి, మళ్లీ తుడిచేది. లెక్క చూసుకుంటోంది కాబోలు అనుకున్నాను. మా మంచం దగ్గరికి వచ్చినప్పుడు వినిపించింది.

"ప్రభువా, ఈ బిడ్డ పాడుతుందట. ఈ బిడ్డని నీ చేతిలో పెడుతున్నాను."

ఎవరు చెప్పారు ఆమెకి? పిచ్చుక చెప్పిందట. ముందు రోజు సాయంత్రం ఆయమ్మకి ఒక పాట కూడా పాడి వినిపించిందట. ఆ గొంతు చివరిసారి విన్నది ఆయమ్మ. నేను కాదు.

ఆపరేషను అయింది. గడ్డ మొత్తం తీసేశాం, ప్రాణానికి భయం లేదన్నాడు డాక్టరు. తర్వాత తల దించుకుని, నరం దక్కలేదన్నాడు.

పిల్ల నోరు విప్పింది రెండు మూడు రోజులు పోయాక. "మంచినీళ్లు" అంది. బొంగురుగా, అడుగునుంచి, చెక్క మీద రాయి ఈడ్చినట్టు. మా ఆవిడ నీళ్లు తేవడానికి అటు తిరిగి, అక్కడే గోడ పట్టుకుని నిలబడిపోయింది.

మర్నాడు పొద్దున ఆయమ్మ మా మంచం దగ్గర కర్ర ఆపగానే నాకు ఒళ్లు మండింది.

"ఏమైంది నీ ప్రార్థన?" అన్నాను.

ఆమె బాధపడలేదు. సర్దిచెప్పలేదు. "ఏమైందో నాకూ తెలీదు అన్నయ్యా. రేపు మళ్లీ అడుగుతాను" అంది. పక్క మంచం దగ్గరికి వెళ్లింది. మర్నాడు మళ్లీ వచ్చి అడిగింది. మేం ఇంటికి వచ్చేసేదాకా మానలేదు. అలాంటి మనిషిని ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. మా ఆవిడ మాటలు కూడా చిన్నవైపోయాయి. గోడకి బిగించిన చెక్క మీద రేడియో ఉంది. ఎవరూ దాన్ని మోగించలేదు, ఎవరూ అక్కణ్నుంచి తీయలేదు. పెట్టెలు గుమ్మం దాకా పేరుకున్నాయి కాబట్టి పని ఆపడానికి లేదు. సంతలోంచి రెండు కొమ్ముల ఇనుప చువ్వ ఒకటి తెచ్చుకున్నాను. మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే ఒకే స్వరం మోగుతుంది. తప్పు లేని స్వరమే. పొద్దున్నే చువ్వ మోగినప్పుడల్లా వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయేది.

ఒక మధ్యాహ్నం తోలు కొనడానికి వెళ్లి తిరిగివస్తున్నాను. మా ముందు గదిలోంచి హార్మోనియం వినిపించింది. అమ్మాయి పెట్టె. దాని పలుకు నేను నిద్రలో కూడా గుర్తుపడతాను. గుమ్మం బయటే ఆగిపోయాను. స్వరం పట్టుకుంది పిల్ల. గొంతు దాన్ని అందుకోలేక పగిలింది. మళ్లీ పట్టుకుంది. మళ్లీ పగిలింది. తర్వాత పెట్టె మూత పడిన చప్పుడైంది. నేను లోపలికి వెళ్లేసరికి పిల్ల దాని మీద గుడ్డ కప్పి, పాలు పొంగుతాయేమోనని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

గుడ్డ కప్పిన ఆ పెట్టెను నేను అల్మారా మీదికి ఎక్కించాను. పెట్టె నిండుగా ఉన్నంతకాలం ఏదో ఒకనాడు ఆ గొంతు తిరిగొస్తుందని నా పిచ్చి. ఎవరితోనూ అనలేదు.

చలి మొదలయ్యాక తపాలా తాత వచ్చాడు. చర్చిలో హార్మోనియం వాయించే ముసలాయన. ఒకప్పుడు ఉత్తరాలు పంచాడు కాబట్టి ఆ పేరు. కాలితో తొక్కి వాయించే చర్చి పెట్టెను తోపుడుబండి మీద వేసుకుని, వెనకనుంచి అదే చర్చికి వెళ్లే ఆ ఆసుపత్రి ఆయమ్మ నెడుతుంటే వచ్చాడు.

"ఏమోయ్ అబ్బాయ్, బతికిస్తావా, పాతిపెట్టమంటావా?" అన్నాడు.

మూత తీశాను. అంతా బురద. పై స్వరాల చిన్న రీడ్లు మూడు ఊడిపోయి కొట్టుకుపోయాయి.

"చిన్న రీడ్లు ఈ ఏడు ఎక్కడా దొరకవు తాతా. ఊళ్లో అందరి పెట్టెల్లోనూ పోయాయి."

"నీ నోటినుంచి ఒకేసారి ఇన్ని మాటలా? అయితే పని కష్టమే అన్నమాట," అన్నాడాయన. "చూడు, ఎలాగో ఒకలాగ చెయ్యి. నేను మొదలుపెట్టే మెట్టు మాత్రం మార్చకు. నా వేళ్లకి అదొక్కటే వచ్చు."

ఆయమ్మ నవ్వింది. "ఎన్ని పాటలైనా తాత ఒక్క మెట్టు దగ్గరే మొదలుపెడతాడు. పక్క మెట్టు దగ్గర మొదలుపెట్టమంటే దారి తప్పిపోతాడు."

"ఎందుకు తప్పుతాను? మా ఆవిడ పాడిన చోటది. ఆవిడ గొంతు అక్కడ పలికేది. ఆవిడ పోయింది, చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు తీసి ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు తాత. అనేసి, బండి కట్టు విప్పే పనిలో పడ్డాడు.

ఇంతలో పిచ్చుక గుమ్మంలోకి వచ్చింది. ఆయమ్మ చేతులు చాపింది. పిల్ల వెళ్లి ఆమె పెద్ద ఒంటిలో మొహం దాచుకుంది. ఆపరేషను అయ్యాక దానికి కన్నీళ్లు రావడం అదే మొదలు. నా దగ్గర కాదు, వాళ్లమ్మ దగ్గర కాదు. నాకు కష్టమనిపించలేదు. ఎక్కడో ఒక చోట వచ్చాయి కదా అనుకున్నాను.

ఆ ఆదివారం పిల్ల ఆయమ్మతో చర్చికి వెళ్లింది. మళ్లీ ఆదివారమూ వెళ్లింది. మా ఇంట్లో దేవుడి మాట ఎత్తేవాళ్లం కాదు. ఉంటే ఉన్నాడు, మన జోలికి రాకుండా ఉంటే చాలు అన్నట్టుండేది. మూడోసారి బయల్దేరుతుంటే అడిగాను.

"ఏముందమ్మా అక్కడ?"

అది చెప్పు తొడుక్కుంటూ ఆగింది. "అక్కడ నన్ను పాడమని ఎవరూ అడగరు నాన్నా. పాడకు అని కూడా ఎవరూ అనరు" అంది, ఆ బొంగురు గొంతుతోనే.

చర్చి పెట్టె పని మొదలయ్యాక పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది. నేను రీడ్లు విప్పి ఇస్తుంటే, మెత్తటి కుంచెతో ఒక్కోదాన్నీ తుడిచి గుడ్డ మీద వరసగా పేరుస్తోంది. కిటికీలోంచి పడే వెలుతురులో ఇత్తడి మెరుస్తోంది. తుడుస్తూనే అంది:

"పోయిన వారం పాస్టరు గారు చెప్పారు నాన్నా. ఏసు ప్రభువు చచ్చి లేచాడు కదా. లేచాక తనవాళ్ల దగ్గరికి వచ్చాడట. వచ్చినప్పుడు చేతుల్లో మేకులు దిగిన గాయాలు అలాగే ఉన్నాయట."

నేను రీడు తిప్పి చూస్తున్నాను.

"చచ్చి లేచినవాడు ఆ గాయాలు మాయం చేసుకోలేడా? మచ్చ లేని చేతులతో రావచ్చు. రాలేదు. ఇవిగో చూడండి అని వాటినే చూపించాడట. వాటిని చూసే వాళ్లు ఆయన్ని గుర్తుపట్టారట."

దాని చెయ్యి మెడ మీది గీత దగ్గరికి పోయింది. ఆపరేషను అయ్యాక అది ఎప్పుడూ మెడ చుట్టూ ఒక గుడ్డ కట్టుకునే ఉండేది. ఆ రోజు గుడ్డ లేదు. ఎప్పుడు తీసేసిందో నేను గమనించలేదు.

కలపలో మేకు దిగిన చోటు ఎంత పూడ్చినా తెలుస్తుంది. నా చేతి కింద అలాంటివి ఎన్నో వెళ్లాయి. పూడ్చినది కనపడకుండా రంగు వెయ్యడమే పనితనమని అనుకున్నాను అన్నాళ్లూ. ఆ రోజంతా ఆ చేతులే కళ్లముందు ఆడాయి.

రెండు రోజుల తర్వాత పొద్దున పని గదిలోకి వెళ్లేసరికి అల్మారా మీద ఉండాల్సిన పెట్టె నేల మీద ఉంది. గుడ్డ మడత పెట్టి పక్కన ఉంది. మూత తీసి ఉంది. పిచ్చుక దాని ముందు కూర్చుని చిన్న మరతిప్పుడుతో రీడు విప్పుతోంది. అడుగు స్వరాల లావు రీడ్లు రెండు అప్పటికే బయట ఉన్నాయి.

"ఏం చేస్తున్నావు?"

"మూడోది రావడం లేదు నాన్నా. మరమేకు తల అరిగిపోయింది."

"అది కాదు అడిగింది."

అది మరతిప్పుడు కింద పెట్టి నా వైపు తిరిగింది. "చర్చి పెట్టెలో చిన్న రీడ్లు మూడు లేవు కదా. రీడ్ల వరస మొత్తాన్ని, అవి కూర్చునే గాడులు మూడేసి చొప్పున కుడి వైపుకి జరిపితే పైన ఖాళీ నిండిపోతుంది. ఎడమ చివర మూడు ఖాళీ అవుతాయి. అక్కడ నావి పెడదాం."

"అలా చేస్తే పెట్టె మొత్తం కిందికి దిగిపోతుంది. తాత అదే మెట్టు నొక్కుతాడు, స్వరం మాత్రం మూడు మెట్లు తగ్గి వస్తుంది."

"అందుకే నాన్నా."

నాకు అర్థం కాలేదు. అది చెప్పింది. "ఆయమ్మ పాడదు. ఆమె పక్కన కూర్చునే రాత్రి కాపలా ఆయన పాడడు. కర్రతో వచ్చే ముసలమ్మ పాడదు. ఆ చివరి బల్ల మీద ఎవరూ పాడరు. పాటంటే ఇష్టం లేక కాదు. తాత వాళ్లావిడ గొంతుకి పెట్టిన పాట అది, వీళ్లకి అందదు. పెదవులు కదుపుతూ కూర్చుంటారు. పెట్టె లేకుండా ఉత్తినే పాడినా, అలవాటుకొద్దీ ముందు బల్లలవాళ్లు అంత ఎత్తులోనే అందుకుంటున్నారు. తాత చెయ్యి జరపలేడు. మనం పెట్టెను జరుపుదాం."

"నువ్వు?" అన్నాను.

"నేనూ ఆ బల్ల మీదే కూర్చుంటాను నాన్నా."

వంటింటి గుమ్మంలో మా ఆవిడ వచ్చి నిలబడింది.

ఆ పెట్టెలోంచి రెండు రీడ్లు పోయాయి. మూడోది కూడా తీస్తే అది ఇక పెట్టె కాదు. అందులో నేను దాచుకున్నదేమిటో నాకు తెలుసు. పిల్లకీ తెలుసని దాని మొహం చూస్తే తెలిసింది. తెలిసే నన్ను అడుగుతోంది. పాడలేనని తెలిసిన పిల్ల, పాడలేని వాళ్ల కోసం ఆలోచిస్తోంది. ఇరవై ఏళ్లు నిండని పిల్ల. నాకు ఆ వయసులో అంత గుండె లేదు, ఈ వయసులోనూ లేదు.

కింద కూర్చున్నాను. మర తల అరిగిపోతే సన్న ఆకురాయితో కొత్త గాడి చెయ్యాలి. చేశాను. మూడో రీడు తీసి దాని చేతిలో పెట్టాను.

తర్వాత పనే పని. ఒక్కో గాడినీ గోరంత వెడల్పు చేసి, ఒక్కో రీడునీ పక్కకి జరిపాం. అమ్మాయి రీడ్లు మూడూ ఇంకా కిందికి దిగాలి. వాటి కొనల మీద సీసం కరిగించి చుక్క చుక్క పెట్టాను. పిచ్చుక గాలి ఊదుతూ, దిగుతున్న స్వరాన్ని వింటోంది.

"బరువు పెడితే కిందికి దిగుతుంది," అంది. "అంతేగానీ పాడవదు కదా నాన్నా?"

"పాడవదు," అన్నాను.

శనివారం పెట్టెను చర్చికి చేర్చాం. ఆదివారం నేనూ వెళ్లాను. పెట్టె పలుకు ఎలా ఉందో చూసి రావాలి కదా అని మా ఆవిడతో అన్నాను. "మరే, పెట్టె కోసమే" అంది ఆవిడ. అని తనూ ఉతికిన బట్టలు కట్టుకుని బయల్దేరింది.

లోపలికి వెళ్లలేదు నేను. తలుపు పక్కన నిలబడ్డాను. సున్నం వేసిన గోడల మీద నడుమెత్తున వరద గీత ఇంకా ఉంది. బల్లల కాళ్లు ఉబ్బి ఉన్నాయి. ముందు బల్లల నిండా మంచి గొంతులున్న ఆడవాళ్లు. చివరి బల్ల మీద ఆయమ్మ, కాపలా ఆయన, కర్ర ముసలమ్మ. వాళ్ల చివర నా బిడ్డ. మా ఆవిడ వెళ్లి దాని పక్కన ఇరుక్కుని కూర్చుంది.

తాత తిత్తి తొక్కి తన మెట్టు నొక్కాడు. నొక్కి ఒక్క క్షణం ఆగాడు. వీపు కొద్దిగా నిటారుగా అయింది. మళ్లీ తొక్కాడు.

ముందు బల్లలవాళ్లు అలవాటు చొప్పున పైన అందుకుని, పెట్టెతో కలవక తడబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదటి చరణం కుంటుకుంటూ నడిచింది. రెండో చరణం దగ్గర వెనకనుంచి ఏదో లేచింది. ముందు ఆయమ్మ. ఆ పెద్ద ఒంట్లో అంత పెద్ద గొంతు ఉందని ఎవరికి తెలుసు. ఆ తర్వాత కాపలా ఆయన, బావిలోంచి పలికినట్టు. ముసలమ్మ కర్ర నేలకేసి కొడుతూ. పాడడం అలవాటు లేని గొంతులు, ఎక్కడ ఎత్తుకోవాలో ఎక్కడ వదలాలో తెలియని గొంతులు. ఒకటి ముందూ ఒకటి వెనకా, తోసుకుంటూ వస్తున్నాయి.

వాటి మధ్య ఒకటి వినపడింది. బొంగురుగా, గరుగ్గా, అంచులు విరిగి. కానీ ఉండాల్సిన చోట ఉంది. గోరంత కూడా తప్పలేదు. ఏ స్వరంలోనైనా తప్పు పట్టే నా చెవికి పట్టడానికి ఏమీ దొరకలేదు. ఆ గొంతు తలెత్తుకుని పాడుతోంది. మెడ మీద గీత పాటతో పాటు పైకీ కిందికీ కదులుతోంది. దాచుకోవడం లేదు.

రేడియోలో వినాలనుకున్నాను ఆ బిడ్డని. ఆ రేడియో పాటకి ఇంతమంది నోళ్లు తెరుచుకునేవి కావు.

నా కాళ్లు ఎప్పుడు కదిలాయో తెలీదు. చివరి బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆయమ్మ పాట ఆపకుండానే అవతలికి జరిగి చోటిచ్చింది. ఆ చోటులోనే ఇప్పటికీ కూర్చుంటున్నాను.

పాస్టరు గారు ప్రార్థన అన్నారు. అందరూ తలలు దించారు. నాకు ప్రార్థన చెయ్యడం తెలీదు. కళ్లు మూసుకున్నాను. ఆసుపత్రి వార్డులో మొదలుపెట్టి ఆ రోజు దాకా మనసులో ఒకడితో పోట్లాడుతూనే ఉన్నానని అప్పుడు తెలిసింది. ఎందుకు తీసుకున్నావు, నీకేం తక్కువైంది అని. ఇన్నాళ్లూ పోట్లాడానంటే అవతల ఎవరో ఉండే ఉండాలి. విసుక్కోకుండా వింటూ ఉండాలి. మేకుల గాయాలున్న ఆ చేతులు మళ్లీ కళ్లముందుకొచ్చాయి. "నా బిడ్డ నీ దగ్గరుంది, నన్నూ ఉంచుకో" అన్నాను. పైకే అన్నానేమో, మా ఆవిడ చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

అంతా అయ్యాక తాత నన్ను గుమ్మం దగ్గర పట్టుకున్నాడు.

"ఏమోయ్ అబ్బాయ్, నన్ను చెవిటివాణ్ననుకున్నావా?"

నేను నేల చూశాను.

"మొదటి మెట్టు నొక్కగానే తెలిసింది. ఇది మా ఆవిడ స్వరం కాదు అని."

"మరి ఆపెయ్యలేదేం తాతా?"

"ఆపుదామనే అనుకున్నాను. వెనక బల్ల లేచింది. ఇన్నేళ్లలో ఆ బల్ల గొంతు నేను వినలేదోయ్. ఎలా ఆపను?" కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "మా ఆవిడే ఉంటే ముందు తనే దిగొచ్చేది. నాకే ఆ మాట తోచలేదు." రెండు అడుగులు వేసి, వెనక్కి తిరిగాడు. "ఆ మూడు లావు రీడ్లు ఎక్కడివి? బాగా పలికాయి."

"మా అమ్మాయివి," అన్నాను.

ఇంటికి వచ్చేదాకా మా ఆవిడ ఆపకుండా మాట్లాడింది. ముందు బల్లలవాళ్ల మొహాలు ఎలా ఉన్నాయో, కాపలా ఆయన ఎంత గట్టిగా అరిచాడో, అన్నీ. పిచ్చుక ఆ బొంగురు గొంతుతో నవ్వుతోంది. నేను వెనక నడిచాను.

మర్నాడు పొద్దున్నే పని గదిలో కూర్చున్నాను. నా ముందు కొత్త పెట్టె ఒకటి ఉంది. అందులో రీడ్లు సరిచెయ్యాలి. రెండు కొమ్ముల ఇనుప చువ్వ చేతికి తగిలింది. దాన్ని తీసి, పనికిరాని మేకులు వేసుకునే డబ్బాలో పడేశాను. వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మా, శ్రుతి ఇవ్వు," అని పిలిచాను.

చప్పుడు ఆగింది. కాసేపటికి, తడి చేతులతోనే గుమ్మంలోకి వచ్చి ఇచ్చింది. మునుపటికంటే చాలా కింద. నేను రీడు తీసుకుని, దాని స్వరం అక్కడిదాకా దిగేలా మొదలు దగ్గర గీయడం మొదలుపెట్టాను.